బుట్టలోంచి పుట్టిన ఆట – డాక్టర్ జేమ్స్ నైస్మిత్ జీవితం

గేమ్స్ పీరియడ్ గంట కొట్టగానే కోర్టులోకి పరుగెత్తేవాళ్లు కొందరు. గీత బయటే నిలబడి, షూ లేసు కట్టుకుంటున్నట్టో, నీళ్లు తాగి వస్తున్నట్టో పీరియడ్ గడిపేసేవాళ్లు ఇంకొందరు. మనలో ఈ రెండో రకంవాళ్లు తక్కువేం కాదు. అందులోనూ నాన్నకో అమ్మకో బదిలీ అయి, కొత్త ఊళ్లో కొత్త బడిలో చేరిన తొలి నెలల్లో కోర్టులోకి వెళ్లడం ఇంకా కష్టం. బంతి ఇమ్మని అడుగుదామంటే ఎదుటివాడి పేరు తెలియదు. బుట్టకేసి విసిరితే బోర్డుకైనా తగలదేమోనని భయం. నలుగురూ నవ్వుతారేమోనని సిగ్గు.

అలాంటి మనందరం తెలుసుకోవాల్సిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన డాక్టర్ జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ కనిపెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు జవాబుగా జి.కె. పుస్తకంలో ఆయన పేరు మనం చదివే ఉంటాం. కానీ ఆయన ఆ ఆటను ఎవరి కోసం కనిపెట్టారో చాలామందికి తెలియదు. ఆడాలన్న మనసే లేని ఒక తరగతి కోసం ఆయన దాన్ని కనిపెట్టారు. అందుకే ఆయన కథను ఈసారి మన తెలుగు పేజీల్లో చెప్పాలనుకున్నాం.

అమ్మానాన్నలు లేని బాల్యం

జేమ్స్ నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. వాళ్లది స్కాట్లండ్ మూలాలున్న కుటుంబం. తండ్రి జాన్ పని కోసం కుటుంబాన్ని తీసుకుని వేరే చోటికి తరలివెళ్లారు. అక్కడే 1870లో టైఫాయిడ్ జ్వరం వచ్చి తల్లీ తండ్రీ ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. అప్పటికి జేమ్స్‌కు సుమారు తొమ్మిదేళ్లు. ముగ్గురు పిల్లలూ మళ్లీ ఆల్మాంట్ పక్కకే, అమ్మమ్మ ఇంటికి చేరారు. కొన్నాళ్లకు అమ్మమ్మ కూడా పోయింది. ఆ తర్వాత మేనమామ పీటర్ వాళ్లను పెంచారు.

పీటర్ మామయ్య మంచివాడే గానీ గట్టి మనిషి. పొలం పని, గుర్రాల పని, కట్టెలు కొట్టే పని, అన్నీ పిల్లలు చేయాల్సిందే. ఎవరి చిక్కు వాళ్లే విడదీసుకోవాలన్నది ఆయన పద్ధతి. ఒక చలికాలం జేమ్స్ గుర్రాలతో గడ్డకట్టిన నది దాటుతుంటే మంచు పగిలి గుర్రాలు నీళ్లలో పడ్డాయట. జేమ్స్ నానా తంటాలు పడి వాటిని ఒడ్డుకు చేర్చి, తలెత్తి చూస్తే మామయ్య చెట్ల మాటున నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడట. ఆ ఊళ్లో చలికాలమంతా పిల్లలు మంచు మీద స్కేటింగ్ చేసేవారు. జేమ్స్ దగ్గర స్కేట్లు కొనడానికి డబ్బు లేదు. అడగడానికి మనసొప్పలేదు. పాత ఇనుప ఆకురాళ్లను చెక్కముక్కల్లో బిగించి తనే ఒక జత తయారుచేసుకున్నాడు. ఉన్నదాంతో పని జరిపించుకునే ఈ అలవాటు ఆయనకు ముందుముందు ఎంతో అక్కరకు వచ్చింది.

మానేసిన చదువు, మళ్లీ పట్టిన పుస్తకం

పదిహేనేళ్ల వయసులో జేమ్స్ హైస్కూలు చదువు మధ్యలోనే వదిలేశాడు. అడవుల్లో కలప కొట్టే పనిలో చేరి కొన్నేళ్లు కూలి చేశాడు. ఇరవై ఏళ్లు వచ్చే వేళకు తను చేస్తున్నది సరైనది కాదనిపించింది. తనకంటే ఎంతో చిన్న పిల్లల మధ్య మళ్లీ బెంచీ మీద కూర్చుని హైస్కూలు పూర్తి చేశాడు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

ఇక్కడ మనకు ముచ్చటగొలిపే సంగతి ఒకటుంది. ప్రపంచానికి ఒక గొప్ప ఆటను ఇచ్చిన ఈ మనిషి కాలేజీలో చేరిన కొత్తలో ఆటల జోలికే పోలేదు. పోయిన కాలాన్ని అందుకోవాలని రాత్రింబవళ్లు పుస్తకాలకే అతుక్కుపోయాడు. ఒక సాయంత్రం ఇద్దరు సీనియర్లు గదికి వచ్చి, ఇలా ఎప్పుడూ కూర్చునే ఉంటే ఆరోగ్యం పాడవుతుందని మంచి మాటలతో నచ్చజెప్పి వ్యాయామశాలకు రమ్మన్నారు. వాళ్లు ఎగతాళి చేయలేదు, బలవంతపెట్టలేదు. స్నేహంగా పిలిచారు. జేమ్స్ వెళ్లాడు. జిమ్నాస్టిక్స్, ఫుట్‌బాల్, లాక్రాస్, ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. చివరికి అదే విశ్వవిద్యాలయంలో వ్యాయామం నేర్పే స్థాయికి ఎదిగాడు.

చదువు పూర్తయ్యాక ఆయన చర్చి బోధకుడు కావడానికి మతశాస్త్రం కూడా చదివారు. కానీ యువకులకు మంచి నడత నేర్పడానికి ప్రసంగ వేదిక ఎంత పనికొస్తుందో ఆటస్థలమూ అంత పనికొస్తుందని ఆయనకు నమ్మకం కుదిరింది. ఇంట్లో తోబుట్టువుకు ఆ నిర్ణయం నచ్చలేదు. అయినా 1890లో సరిహద్దు దాటి అమెరికా వెళ్లి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. నడిపే శిక్షణ పాఠశాలలో చేరారు. మొదట విద్యార్థిగా, తర్వాత అధ్యాపకుడిగా అక్కడే ఉన్నారు.

ఎవరికీ లొంగని తరగతి

1891 చలికాలం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మంచు కురిసే రోజులు. బయట ఫుట్‌బాల్ లేదు, బేస్‌బాల్ లేదు. విద్యార్థులంతా నాలుగు గోడల మధ్య డ్రిల్లు, జిమ్నాస్టిక్స్ చేయాలి. ఒక తరగతికి అది బొత్తిగా గిట్టలేదు. అందులో ఉన్నది 18 మంది. వాళ్లు మనలాంటి పిల్లలు కూడా కారు. ఆనాటి ఫొటో చూస్తే చాలామందికి నిండు మీసాలున్నాయి! వాళ్లు సంఘాల నిర్వహణ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, వ్యాయామ టీచర్లు కావాలన్న కోరిక వాళ్లకు లేదు. ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు అధ్యాపకులు ప్రయత్నించి, మా వల్ల కాదని చేతులెత్తేశారు.

అధ్యాపకుల సమావేశంలో ఈ తరగతి సంగతి చర్చకు వచ్చింది. అందరూ ఆ కుర్రాళ్లను తప్పుపడుతుంటే నైస్మిత్ వేరే మాట చెప్పారు. తప్పు విద్యార్థులది కాదు, మనం నేర్పుతున్న పద్ధతిది అన్నది ఆయన అభిప్రాయం. వయసుకు తగ్గ ఆనందం, పోటీ, ఉత్సాహం లేని పనిని రోజూ చేయమంటే ఎవరికైనా విసుగే కదా! వ్యాయామ విభాగం అధిపతి లూథర్ గులిక్ ఆయనకంటే నాలుగేళ్లు చిన్నవాడు. చురుకైన మనిషి. ఆయన వెంటనే ఆ తరగతిని నైస్మిత్‌కే అప్పగించి, ఇంటి లోపల ఆడుకునే కొత్త ఆట ఒకటి రెండు వారాల్లో తయారుచేయమన్నారు. మాట అన్నందుకు బాధ్యత మెడకు చుట్టుకుంది.

నైస్మిత్ మొదట తెలిసిన ఆటలనే లోపలికి తేబోయారు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను కాస్త మెత్తబరిచారు. అలా ఆడటం వాళ్లకు నచ్చలేదు. సాకర్ పెడితే గదిలో తన్నులాటగా మారింది. లాక్రాస్ పెడితే కర్రల దెబ్బలు తగిలాయి. రోజులన్నీ అయిపోవచ్చాయి. తప్పు విద్యార్థులది కాదని అందరి ముందూ అన్న మనిషి ఇప్పుడు ఓడిపోయి వెళ్లి ఏమని చెప్పాలి?

రాయి మీద బాతు

అప్పుడు ఆయన పాత ఆటలను మార్చడం మానేసి, మొదటి నుంచీ ఆలోచించడం మొదలుపెట్టారు. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? ఆటగాడు బంతి పట్టుకుని పరుగెడుతుంటే అతణ్ణి ఆపడానికి మిగిలినవాళ్లు మీద పడుతున్నారు కాబట్టి. అయితే బంతితో పరుగెత్తడమే వద్దంటే సరి. ఎక్కడ అందుకుంటే అక్కణ్ణుంచే ఇంకొకరికి విసరాలి. మరి గోల్ ఎలా ఉండాలి? సాకర్‌లోలాగా నిలువుగా ఉంటే బలంకొద్దీ విసురుతారు, మళ్లీ దెబ్బలే.

ఆ సమయంలో ఆయనకు చిన్నప్పుడు ఆల్మాంట్ పక్కన ఆడుకున్న ఆట గుర్తొచ్చింది. దాని పేరు రాయి మీద బాతు. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఒక పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దానికి ఒకరు కాపలా ఉంటారు. మిగిలినవాళ్లు తమ రాళ్లు విసిరి దాన్ని పడగొట్టాలి. ఆపైన కాపలావాడికి చిక్కకుండా ఎవరి రాయి వాళ్లు తెచ్చుకోవాలి. బలంగా సూటిగా విసిరితే రాయి ఎక్కడో దూరంగా పడుతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతాం. నెమ్మదిగా, విల్లులా వంపు తిరిగేలా పైకి ఎగరేస్తే రాయి పక్కనే పడుతుంది. ఆ ఆటలో బలవంతుడికంటే నేర్పరికే గెలుపు.

నైస్మిత్‌కు దారి దొరికింది. గోల్ నోరు ఆకాశం వైపు తెరుచుకుని ఉండాలి. అప్పుడు బంతి పైకి లేచి వంపు తిరిగి పడాల్సిందే, బలంగా కొడితే లాభం లేదు. గోల్ చుట్టూ గోడలా నిలబడి ఆపకుండా దాన్ని తలల కంటే ఎత్తున పెట్టాలి.

మర్నాడు ఉదయం ఆయన భవనం చూసుకునే ఉద్యోగిని 18 అంగుళాల చదరపు పెట్టెలు రెండు కావాలని అడిగారు. పెట్టెలు లేవు గానీ పీచ్ పండ్ల బుట్టలు రెండున్నాయని అతను తెచ్చిచ్చాడు. వాటిని వ్యాయామశాల రెండు చివర్లా బాల్కనీ అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు అదే 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు! నైస్మిత్ 13 నియమాలు రాసి, టైపు చేయించి, నోటీసు బోర్డుకు గుచ్చారు.

తరగతివాళ్లు వచ్చారు. వాళ్లలో ముందుండి అల్లరి చేసే ఫ్రాంక్ మహాన్ బుట్టలు చూసి, మళ్లీ ఇంకో కొత్త ఆటా అన్నట్టు పెదవి విరిచాడు. 18 మందినీ తొమ్మిదేసి మందిగా రెండు జట్లు చేసి, సాకర్ బంతి ఇచ్చి ఆట మొదలుపెట్టించారు. అది 1891 డిసెంబరు 21. ఆట మొత్తానికి బుట్టలో పడింది ఒకే ఒక్క బంతి. విలియం చేజ్ దూరం నుంచి వేసిన ఆ ఒక్క గోల్‌తో 1–0 తేడాతో ఒక జట్టు గెలిచింది. బుట్టకు అడుగు ఉంది కాబట్టి నిచ్చెన ఎక్కి బంతిని తీయాల్సి వచ్చింది.

స్కోరు ఒక్కటే అయినా తరగతి మారిపోయింది. వాళ్లను ఆట ఆపి బయటికి పంపడమే కష్టమైంది. ఆటకు నైస్మిత్ పేరే పెడదామన్నది మహానే. ఆయన నవ్వి వద్దన్నారు. బుట్టా బంతీ ఉన్నాయి కాబట్టి బాస్కెట్‌బాల్ అందామన్నదీ మహానే.

వంపులో ఉన్న లెక్క

నైస్మిత్ చిన్ననాటి ఆట నుంచి పట్టుకున్న కిటుకును మనం పదో తరగతి త్రికోణమితితో సరిచూసుకోవచ్చు. నేటి రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు. పెద్ద బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. బంతి నిట్టనిలువుగా పైనుంచి దిగితే దానికి 45 సెంటీమీటర్ల దారీ దొరుకుతుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే దాదాపు 32 సెంటీమీటర్లు దొరుకుతుంది. అదే 30 డిగ్రీల కోణంలో బల్లపరుపుగా వస్తే మిగిలే దారి 22.5 సెంటీమీటర్లే. బంతికంటే చిన్న దారి! అలాంటి బంతి రింగుకు తగలకుండా లోపలికి పోవడం కుదరదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. దూరంగా నిలబడి, చేతుల్లో బలం చాలక, గుండె దగ్గర నుంచి బంతిని సూటిగా నెడతారు. అది రింగుకో బోర్డుకో కొట్టుకుని వెనక్కి వస్తుంది. నాలుగుసార్లు అలా అయ్యేసరికి ఈ ఆట నాకు రాదులే అని పక్కకు తప్పుకుంటారు. దానికి మందు బుట్టకు దగ్గరగా రావడమే. రింగుకు రెండు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టాలి. మోకాళ్లు కాస్త వంచాలి. బంతి వేసే చేతి మోచెయ్యి బంతి కిందికి రావాలి, రెండో చెయ్యి పక్క నుంచి ఆనించి ఉంచితే చాలు. కాళ్ల బలంతో లేచి, బంతిని ముందుకు కాక పైకి పంపాలి. వదిలాక మణికట్టు కిందికి వాలాలి. అక్కణ్ణుంచి బంతులు పడటం మొదలయ్యాకే ఒక్కో అడుగు వెనక్కి జరగాలి. చిన్న పిల్లల కోసం మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్ల ఎత్తుకు దించి, చిన్న బంతి ఇస్తారు. పిల్లవాడు ఆటకు సరిపోకపోతే ఆటనే పిల్లవాడికి సరిపోయేలా చేయడం నైస్మిత్ నమ్మిన దారే.

మనుషులతో పాటు కదిలిన ఆట

క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళ్లిన విద్యార్థులు తమ ఊళ్లలో ఈ ఆట నేర్పారు. 1892 జనవరిలో నియమాలు పాఠశాల పత్రికలో అచ్చయ్యాయి. ఆ తొలి తరగతిలో జపాన్ నుంచి వచ్చిన విద్యార్థి కూడా ఉన్నాడు. కొద్దిరోజుల్లోనే ఊళ్లోని ఉపాధ్యాయినులు తామూ ఆడతామని అడిగితే నైస్మిత్ సంతోషంగా ఒప్పుకున్నారు. అలా ఆడిన తొలితరం మహిళల్లో ఒకరైన మాడ్ షెర్మన్‌ను ఆయన 1894లో పెళ్లాడారు.

చదువుకుని ఉద్యోగాల మీద ఎక్కడెక్కడికో వెళ్లినవాళ్లే ఈ ఆటను ప్రపంచమంతా మోసుకెళ్లారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ మన దేశానికి వచ్చి 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఇలా చూస్తే మన పి.ఇ.టి. సార్ల గురుపరంపరలో ఒక పాయ నైస్మిత్ పనిచేసిన పాఠశాల దాకా వెళుతుంది.

నైస్మిత్ కూడా ఒక చోట స్థిరంగా ఉండలేదు. 1895లో డెన్వర్ వెళ్లి వ్యాయామశాలలో పనిచేస్తూనే వైద్యం చదివి 1898లో డాక్టరయ్యారు. అదే ఏడాది కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు ఆయనే తొలి శిక్షకుడు. తమాషా ఏమిటంటే ఆయన హయాంలో జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడిపోయింది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్న శిక్షకుడు ఆటను కనిపెట్టిన ఆయన ఒక్కరే! దానికి ఆయన బాధపడలేదు. ఆట గెలుపు కోసం కంటే మనిషి ఎదుగుదల కోసమని ఆయన నమ్మకం. కొత్త ఆటకు ఆయన పేటెంట్ కూడా తీసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్ వెళ్లి సైనికుల మధ్య సేవచేసి వచ్చారు.

1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్‌లో చేరాడు. ఆ రోజుల్లో అక్కడి జట్టులో నల్లజాతివారికి చోటు లేదు. కోర్టు గీత బయట అతణ్ణి నిలబెట్టింది సిగ్గు కాదు, లోకం గీసిన గీత. జట్టులో చోటు ఇప్పించలేకపోయినా నైస్మిత్ అతణ్ణి దగ్గరికి తీసుకుని, తనకు తెలిసినదంతా నేర్పి, శిక్షకుడిగా తీర్చిదిద్దారు. 1957 నుంచి 1959 వరకు వరుసగా మూడేళ్లు మెక్‌లెండన్ తన కళాశాల జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. నైస్మిత్ తయారుచేసిన శిష్యుల్లో అతను ఎన్నదగినవాడు.

వానలో పతకాలు

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు తొలిసారి చోటు దక్కింది. అప్పటికి నైస్మిత్ వయసు 74. శిక్షకులంతా చందాలు వేసుకుని ఆయన్ను బెర్లిన్ పంపారు. మొదటి ఆటలో బంతిని పైకి ఎగరేసి ప్రారంభించింది ఆయనే. 20కి పైగా దేశాల జట్లు ఆడాయి. ఫైనల్ రోజు పెద్ద వాన. ఆరుబయట మట్టి కోర్టు బురదైపోయింది. బంతి నేలకు కొడితే లేవలేదు. చివరికి అమెరికా 19–8తో కెనడాను ఓడించింది. ఒకటి ఆయన 1925లో పౌరసత్వం తీసుకున్న దేశం, ఇంకోటి ఆయన పుట్టిన దేశం. రెండు జట్లకూ ఆయన చేతుల మీదుగానే పతకాలు అందాయి.

1939 నవంబరు 28న కాన్సాస్‌లోని లారెన్స్ పట్టణంలో 78 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ కీర్తి మందిరం ఆయన పేరు మీదే ఉంది. నోటీసు బోర్డుకు గుచ్చిన ఆ 13 నియమాల కాగితాలు 2010లో జరిగిన వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

ఆ కాగితాల విలువ కంటే, సమావేశంలో అందరూ విద్యార్థులను తప్పుపడుతున్నప్పుడు నైస్మిత్ చెప్పిన ఆ ఒక్క మాటే మాకు గొప్పగా తోచింది. ఆడనివాణ్ణి చేతకానివాడని అనుకోవడం సులువు. వాడికి సరిపోయే దూరం ఏదో, పద్ధతి ఏదో వెతకడం కష్టం. ఆయన రెండు వారాలు ఆ కష్టం పడ్డారు. మన జట్ల కెప్టెన్లు రోజుకు ఐదు నిమిషాలు పడితే చాలు. కొత్తగా చేరినవాళ్ల పేరు అడిగి, రింగుకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, బంతి చేతికివ్వాలి. మిగతా పని ఆ వంపు చూసుకుంటుంది.